చెమ్మ పట్టిన అద్దాలు

మా తమ్ముణ్ణి ఈ వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ వాడు పట్టకారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బస్టాండు పక్కన ఇరుకు కొట్లో కూర్చుని వాచీలు బాగుచేశాడు. చేతిలో పట్టకారు, కంట్లో భూతద్దం లేకుండా వాణ్ణి చూసినవాళ్ళు తక్కువ. పంచదార పలుకులు కూడా పట్టకారుతో ఏరి టీలో వేసుకుంటాడని పిల్లలు చెప్పుకునేవారు. అబద్ధం. చెంచాతోనే వేసుకుంటాడు. ఒలికిన పలుకుల్ని మాత్రం పట్టకారుతో తీస్తాడు.

వాడి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. వీధిలో చెప్పుకుంటున్న కథ తప్పు కాబట్టి రాస్తున్నాను. పట్టకారు పెంచిన మొక్క వాడి పెళ్ళాన్ని మింగబోయిందట. చిలవలు పలవలు చేర్చి మొక్కకి పళ్ళు కూడా పెట్టారు. ఆ మొక్క ఏ పాపమూ ఎరగదు. ఆ రోజు ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఒకరు నిద్రలో ఉన్నారు, ఒకడు మొక్కని చూసుకుంటున్నాడు. జరిగింది చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చదివింది మూడో తరగతి. అయినా నలభై ఏళ్ళు కుట్టు దుకాణంలో కాజాలు కుట్టిన చెయ్యి ఇది, దారం ఎక్కడా వదులుగా వదలదు.

వాచీ పనివాడికి దుమ్మంటే పడదు. ఈగంటే అసలే పడదు. విప్పిన వాచీ మీద ఈగ వాలిందంటే పొద్దుటి నుంచి చేసిన పని మళ్ళీ మొదటికొచ్చినట్టే. ఒకసారి కాలేజీలో మొక్కల పాఠం చెప్పే లెక్చరరమ్మ వాచీ ఇచ్చి, వాడు ఈగని తోలుతూ పడుతున్న అవస్థ చూసి నవ్వుకుని వెళ్ళిపోయిందట. వాచీ తీసుకోవడానికి వచ్చినప్పుడు టీకప్పంత కుండీ ఒకటి బల్ల మీద పెట్టింది. "ఈగలకి ఇది పెట్టుకోండి" అంది. కుండీలో అరచేతుల్లా రెండేసి రెక్కలు, అంచుల్లో కనురెప్పల్లాంటి ముళ్ళు. మేమందరం దాన్ని నోరు మొక్క అనేవాళ్ళం. ఈగ వాలిందో లేదో రెక్కలు రెండూ చటుక్కున మూసుకునేవి.

తమ్ముడు ఆ మొక్కని కూడా వాచీని చూసినట్టే చూశాడు. సన్నటి వెంట్రుక పట్టకారుతో పట్టుకుని దాని నోట్లో తాకించి, సెకన్ల ముల్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఒక్కసారి తాకితే మూయదక్కా. ఇరవై సెకన్లలోపు రెండోసారి తాకాలి. అప్పుడే మూస్తుంది. అది లెక్కపెడుతుంది తెలుసా."

"లెక్కపెట్టేదాన్ని ఇదివరకే ఒకదాన్ని కట్టుకున్నావు కదరా. ఇంకోదాన్ని ఇంటికి తెస్తే మా మరదలు ఊరుకుంటుందా?" అన్నాను.

మా మరదలు టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ఊళ్ళో సగం నంబర్లు ఆవిడ బుర్రలో ఉండేవి. ఎక్స్ఛేంజి మూతపడినా, అందరి చేతుల్లోకి సెల్లులు వచ్చినా ఆ నంబర్లు చెరగలేదు, సెల్లు నంబర్లూ వాటి పక్కన చేరాయి. మా చుట్టాల్లో ఎవరికి ఎవరి నంబరు కావాలన్నా ఆవిడకే ఫోన్ చేసేవారు. కూర కలుపుతూ, గరిటె ఆపకుండా పది అంకెలూ గడగడా చెప్పేది. గొంతు కూడా అంత బాగుండేది. తప్పు నంబరుకి ఫోన్ చేసినవాళ్ళు కూడా రెండు మాటలు మాట్లాడి పెట్టేవారు.

వాడి కొట్లో ఒక నియమం ఉండేది. నడుస్తున్న వాచీని విప్పడు. ఎవరైనా వచ్చి "రోజుకి రెండు నిమిషాలు ముందుకి పోతోంది, కాస్త చూడండి" అంటే, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "నడుస్తోంది కదండీ. నడిచేదాన్ని కెలికితే ఆగుతుంది. ఆగినప్పుడు రండి" అని తిరిగి చేతిలో పెట్టేవాడు. లేనిపోని పని పెట్టుకోడని ఊళ్ళో మంచి పేరొచ్చింది. ఆ పేరు చూసి అక్కనైనందుకు నేనూ ముక్కు పైకెత్తుకునే తిరిగాను. ఆ నియమమే తర్వాత వాడి ఇంటిమీదికి ముప్పు తెచ్చింది.

చేతివాచీ కట్టుకునేవాళ్ళు తగ్గాక కొట్టు మూసేశాడు. మొక్కలు ఇంటికొచ్చాయి. వాడిది మూడో అంతస్తు. వీధివైపు బాల్కనీకి చుట్టూ అద్దాలు బిగించి గదిలా చేసుకున్నారు. అందులో నలభైమూడు కుండీలు. నోరు మొక్కలు, ఆకుల నిండా జిగురు చుక్కలతో మెరిసే జిగురు మొక్కలు, వాటన్నిటికీ పైన కొక్కేనికి వేలాడుతూ కూజా మొక్క. వేలెడంత కొమ్మ తెచ్చి పదకొండేళ్ళు పెంచాడు దాన్ని. ఆకు చివర తీగ, తీగ చివర కూజా, కూజాకో మూత. మూరెడు పొడుగు కూజాలు, ఎర్రటి మచ్చలతో. అంచు మీద పురుగు కాలు జారితే లోపల నీళ్ళలో పడి కరిగిపోవడమే. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. వాడికి మాత్రం కళ్ళు చెమర్చేవి.

"మనకి పిల్లలుంటే ఇంత గారాబం చేసేవారా?" అని మరదలు అడిగితే, "పిల్లలైతే కుళాయి నీళ్ళు తాగేవారు, ఈ బాధ ఉండేది కాదు" అనేవాడు. నిజమే. ఆ మొక్కలు కుళాయి నీళ్ళు తాగితే చస్తాయి. మేడమీద బకెట్లలో వాననీళ్ళు పట్టి ఉంచేవాడు. చలికాలంలో వానలుండవు కాబట్టి ఫ్రిజ్‌లో పేరుకున్న మంచు గీకి, కరిగించి, చెంచాతో పోసేవాడు. ఆ ఇంటి ఫ్రిజ్ ఊళ్ళో ఏ ఫ్రిజ్‌కీ లేనంత శుభ్రం.

చలికాలం వచ్చిందంటే ఆ ఇల్లు రెండుగా చీలేది. నోరు మొక్కలకి చలి కావాలి. వాటిని వంటింటి కిటికీ బయట గట్టు మీద పెట్టేవాడు. అవి నల్లబడి, వాడి, కుళ్ళినట్టు నేలకి అంటుకుపోయేవి. మూడు నెలలు అదే వాటి నిద్ర. మొదటి ఏడాది చచ్చాయనుకుని మరదలు మూడు కుండీలు చెత్తబుట్టలో పారేసింది. తమ్ముడు బుట్టలో చెయ్యి పెట్టి వెతికి తెచ్చుకున్నాడు. వేరుగడ్డ మీద మట్టి తుడిచి, వేలితో నొక్కి చూపించాడు. "చూడు, గట్టిగా ఉంది, తెల్లగా ఉంది. ఇది చావు కాదు, నిద్ర." వారం రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. ఎండలు ముదిరేసరికి మూడూ చిగురు పెట్టాయి. మరదలు చెంపలు వేసుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక చట్టం. చలికాలంలో పడుకున్నదాన్ని కదపకూడదు.

కూజాకి మాత్రం చలి పడదు. దానికి వెచ్చదనం కావాలి, గాలిలో చెమ్మ కావాలి. కరెంటు హీటరు పెడితే గాలి పొడిబారి కొత్త కూజాలు మొగ్గలోనే ఎండిపోతున్నాయని, పోయిన చలికాలం మొదట్లో సిలిండరుతో మండే గ్యాసు హీటరు ఒకటి కొన్నాడు. ఎవరో వాడి పడేసిన పాతది. విప్పి, తుడిచి, వాడే బాగుచేసుకున్నాడు. పైన గోడలో గాలి ఆడడానికి జానెడు జాలీ ఉండేది. అందులోంచి చల్లగాలి తిన్నగా కూజా మీద పడుతోందని అట్టముక్క పెట్టి టేపు అంటించాడు. కిటికీ సందుల్లోనూ టేపే. పని ఎంత నీటుగా చేశాడంటే చీమ దూరే సందు లేదు.

ఇల్లు మొత్తానికి వెచ్చగా ఉండేది ఆ గదే. మరదలికి మోకాళ్ళ నొప్పులు. మడత మంచం అక్కడే వేయించుకుంది. "రెండు పనులూ ఒకే మంటతో అయిపోతున్నాయి" అని తమ్ముడు మురిసిపోయాడు.

నా ఇల్లు వాళ్ళ ఎదురు మేడలో, కింది వాటా. పొద్దున్నే టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడితే వాళ్ళ అద్దాలు కనిపిస్తాయి. హీటరు వచ్చిన వారానికే ఆ అద్దాల మీద పొగమంచులా తెల్లగా పట్టింది. లోపల్నుంచి నీళ్ళు చారలు చారలుగా కారుతున్నాయి. ఇంటికెళ్ళి చూసినప్పుడు అడిగాను.

"ఏమిట్రా, నీ అద్దాలు ఏడుస్తున్నాయి?"

"ఏడుపు కాదక్కా, చెమ్మ. ఇన్నేళ్ళు తుంపర్లు కొట్టుకుంటూ చచ్చాను. ఈ మంట దానంతటదే ఇస్తోంది." వేలితో అద్దం మీద ఒక గీత గీసి, ఆ తడి వేలు నాకు చూపించాడు, కొత్త వాచీ చూపించినట్టు.

అది మొదటి గుర్తు. వాడికది వరంలా కనిపించింది. నాకు అసలు కనిపించలేదు.

రెండోది తలనొప్పి. మరదలు నుదుటికి గుడ్డ కట్టుకుని మా ఇంటికొచ్చేది. కూర్చుని గంటసేపు నాతో మాట్లాడేసరికి తగ్గిపోయేది. ఇంటికెళ్తే మళ్ళీ మొదలు.

"మా ఇంట్లో లేని నొప్పి మీ ఇంట్లో ఎందుకుంటుందే? మా తమ్ముడి మొహం చూస్తేనే వస్తున్నట్టుంది" అన్నాను.

"నలభై ఏళ్ళుగా చూస్తున్నాను వదినా. ఇప్పుడు కొత్తగా వస్తుందా?" అని నవ్వింది.

ఇద్దరం నవ్వుకున్నాం. విషయం మా నోట్లోనే ఉంది, ఉమ్మేసి చూసుకోలేదు.

తర్వాత ఆవిడ రావడం తగ్గింది. ఫోన్ చేస్తే గొంతు బరువుగా ఉండేది. పగలంతా నిద్రే. ఒక రోజు మా పెద్దమ్మ కోడలి నంబరు అడిగితే ఏడు అంకెలు చెప్పి ఆగిపోయింది. "మిగతావి గుర్తొచ్చాక చెప్తాను వదినా" అంది. ఆ మనిషి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. నేనేమన్నాను? "తిని పడుకుంటే అంకెలు కూడా అరిగిపోతాయే. లేచి నాలుగు అడుగులు వెయ్యి" అన్నాను. సోమరితనం అనుకున్నాను. దాచుకుని లాభం లేదు కాబట్టి రాస్తున్నాను.

చలి బాగా ముదిరిన వారం అది. మధ్యాహ్నం మూడు దాటింది. మరదలికి అల్లిన ఉన్ని చొక్కాకి కాజాలు పూర్తయితే, సంచిలో పెట్టుకుని మూడంతస్తులూ ఎక్కాను. తలుపు తీసి తమ్ముడు నోటి మీద వేలు పెట్టుకున్నాడు. కంట్లో భూతద్దం, చేతిలో చిన్న కుంచె.

"మెల్లగా అక్కా. పడుకుంది."

"ఎప్పటి నుంచి?"

వాడు మణికట్టు చూసుకున్నాడు. "పది గంటల ఐదు నిమిషాల నుంచి."

"అన్నం తినలేదూ?"

"నిద్రలో ఉన్నదాన్ని లేపడమెందుకు? చలికాలం, ఒంటికి విశ్రాంతి కావాలి. అరగంటకోసారి వెళ్ళి చూస్తూనే ఉన్నాను. నాడి పట్టుకున్నాను. నూటపది కొట్టుకుంటోంది. కాస్త ముందుకి నడుస్తోంది, అంతే. నడుస్తోంది కదా." అని గొంతు తగ్గించాడు. "ఇటు రా, కూజాకి కొత్త మూత విడుతోంది చూద్దువుగాని. నిన్న రెండు మొగ్గలు రాలాయిలే, నీళ్ళ తేడా అనుకుంటా. ఆకుల మీద ఏదో నల్లగా పడుతోంది, తుడుస్తున్నాను."

కుంచె నా ముందు పెట్టాడు. కుచ్చు నల్లగా ఉంది. వేలితో రాస్తే మసి.

మసి అంటే నాకు తెలుసు. మా కుట్టు దుకాణంలో బొగ్గుల ఇస్త్రీపెట్టెలుండేవి. ఓ చలికాలం కిటికీలు మూసి పనిచేశాం. ఇస్త్రీ చేసే ఆవిడ తల పట్టేసిందని గోడకి ఆనుకుని పడుకుంది. అలసిపోయిందిలే, కాసేపు పడుకోనియ్యమని యజమాని అన్నాడు. సాయంత్రం లేపబోతే లేవలేదు. ఆవిడ బుగ్గలు అంత ఎర్రగా నేనెప్పుడూ చూడలేదు. నలభై ఏళ్ళలో మరిచిపోయిన మొహం అది. ఆ కుంచె చూడగానే గుమ్మంలోనే నా కళ్ళ ముందు నిలబడింది.

గదిలోకి అడుగుపెట్టాను. తడి గుడ్డ మొహం మీద కప్పినట్టుంది గాలి. అద్దాలన్నీ తెల్లగా ఉన్నాయి, బయట వీధి లేనట్టే ఉంది. హీటరులో మంట నీలంగా లేదు. పసుపురంగులో నాలుకలు చాపుతూ ఊగుతోంది. జిగురు మొక్కల చుక్కలు మెరుస్తున్నాయి. పైన కూజాలు కదలకుండా నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి. వాటి కింద మడత మంచం మీద మా మరదలు వెల్లకిలా పడుకుని ఉంది. బుగ్గలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి.

"చూశావా, రంగు ఎంత బాగా వచ్చిందో. వెచ్చదనం పడింది" అన్నాడు నా వెనకాల.

భుజం పట్టి కుదిపాను. తల అటు పడింది, ఇటు పడింది. ఏమే, ఏమే అని పిలిచాను. కనురెప్ప కూడా ఆడలేదు.

"కిటికీ తెరువు."

"అక్కా, వద్దు, బయట మంచు..."

"కిటికీ తెరువు అంటున్నాను."

"రెండు నిమిషాలు చల్లగాలి తగిలితే పదకొండేళ్ళ మొక్క పోతుంది. నీ మరదలికేమైందని? నిద్రే కదా, నాడి ఉంది కదా. వంటగదిలోకి తీసుకెళ్దాం, కావాలంటే." వాడు నాకూ కిటికీకీ మధ్య నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఆ క్షణంలో వాడికి చావబోతున్నది ఒక్కటే కనిపించింది, అది కొక్కేనికి వేలాడుతోంది.

గడియ లాగి చూశాను. టేపు అంటుకుపోయి రాలేదు. మూల వాడి కొట్టు స్టూలు ఉంది, మూడు కాళ్ళది, ముప్ఫై ఎనిమిదేళ్ళు కూర్చున్నది. నాకు డెబ్భై మూడేళ్ళు. ఎలా ఎత్తానో నాకు తెలియదు. మొదటి దెబ్బకి అద్దం నెర్రెలు వాసింది, రెండో దెబ్బకి వీధిలో పడింది. కత్తిలాంటి గాలి లోపలికొచ్చింది. కూజాలన్నీ ఒక్కసారి ఊగి ఒకదానికొకటి తగిలాయి. హీటరు మీట తిప్పి ఆర్పాను. తమ్ముడు రెండు చేతులూ పైకి పెట్టి మొక్కని కప్పబోయాడు.

"దాన్ని వదిలి దీని కాళ్ళు పట్టుకోరా" అన్నాను. ఏ గొంతుతో అన్నానో కానీ, వదిలాడు.

దుప్పటితో సహా లాక్కుంటూ మెట్ల దగ్గరికి చేర్చాం. అద్దం పగిలిన చప్పుడుకి వాళ్ళ కింది వాటాలో ఉండే బస్సు కండక్టరు పైకి పరిగెత్తుకొచ్చాడు. అతనే అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఆవిడ వాంతి చేసుకుంది. అంతకన్నా మంచి చప్పుడు నా జన్మలో వినలేదు.

ఆసుపత్రిలో ముక్కుకీ నోటికీ కలిపి మాస్కు పెట్టారు. గాలి ఆడని గదిలో సరిగ్గా మండని గ్యాసు వల్ల విషగాలి పుడుతుందని, దానికి వాసన ఉండదని, అద్దాల మీద అంత చెమ్మ పట్టడమే గుర్తని డాక్టరమ్మ చెప్పింది. లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు కాబట్టే మా తమ్ముడు పడిపోలేదంది. ఎంతసేపటి నుంచి స్పృహ లేదని అడిగింది.

"నేను లేపి చూడలేదండి. పడుకున్నది పది గంటల ఐదు నిమిషాలకి. మా అక్క వచ్చింది మూడు గంటల పన్నెండుకి. ఐదు గంటల ఏడు నిమిషాలు" అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ రాస్తున్నదల్లా పెన్ను ఆపి వాడి మొహంలోకి చూసింది.

నాలుగో రోజు మరదలు కళ్ళు నిలిపి చూసింది. పదో రోజు ఇంటికొచ్చింది. బతికింది. వీధికి తెలిసింది అంతవరకే. తర్వాత సంగతి మాకే తెలుసు. నడక మందగించింది. చెంచా పట్టుకుంటే చెయ్యి ఒక వైపు పోతుంది. అంకెలన్నీ పోయాయి. ఒకటి కాదు, రెండు కాదు, అన్నీ. నా నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఫోను పక్కన అంటించాం. దాన్ని చూసి కూడా మధ్యలో ఆగి, "వదినా, ఈ ఆరు అయిపోయిందా, ఇంకా ఉందా?" అని నన్నే అడుగుతుంది.

కూజా రెండు రోజుల్లో నల్లబడింది. తమ్ముడు దాన్ని దించి, ఒక్కొక్క కూజా కోసి, పాత కాగితంలో చుట్టి తీసుకెళ్ళాడు. ఎక్కడ పారేశాడో నేను అడగలేదు. కిటికీ బయటి నోరు మొక్కలు మాత్రం ఎండలు రాగానే ఎర్రగా నోళ్ళు తెరిచాయి. నాకు వాటిని చూడబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వాడు ఒక అలారం గడియారం తెచ్చుకున్నాడు. పగలైనా సరే, ఆవిడ కాస్త కన్ను మూస్తే చాలు, గంటకోసారి మోగిస్తాడు. భుజం తట్టి లేపుతాడు.

"బతికే ఉన్నానండీ" అంటుంది పాపం, కళ్ళు మూసుకునే.

"కళ్ళు తెరిచి చెప్పు."

"తెరిచి చెప్పినా అదే."

నేను నవ్వబోయి ఆపుకున్నాను. నడిచేదాన్ని కెలకనివాడికి ఇప్పుడు నడిచేదాన్ని వదిలిపెట్టడం చేతకావడం లేదు. భయం అలాగైనా మంచిదే అనుకున్నాను. ఆ భయాన్ని నమ్ముకుని ఎండాకాలం, వానాకాలం గడిపేశాను. పొద్దున్నే టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. పగిలినదాని బదులు వేయించిన కొత్తదానితో సహా నాలుగు పలకల అద్దాలూ పొడిగా మెరిసేవి. అప్పుడు టీ తాగేదాన్ని.

మళ్ళీ చలి వచ్చింది. పోయిన గురువారం కింది మూల, ఒక పలక మీద, పళ్ళెమంత మేర తెల్లగా పట్టింది.

గ్లాసు గుమ్మంలోనే పెట్టి వెళ్ళాను. మూడంతస్తులు ఎక్కేసరికి నా ఊపిరే నాకు వినిపిస్తోంది. తలుపు మరదలే తీసింది. నన్ను చూసి సంతోషపడింది. "రండి వదినా, గదిలో వెచ్చగా ఉంది" అంది. మడత మంచం మళ్ళీ అద్దాల గదిలోకి వచ్చింది. మంచం పక్కన సిలిండరు, కొత్త హీటరు. పైన కొక్కేనికి సీసా బోర్లించిన చిన్న కుండీ. సీసాలో వేలెడంత కొమ్మ, దానికి రెండు ఆకులు. చిటికెన వేలి గోరంత కూజా ఒకటి అప్పుడే రూపు కడుతోంది.

చచ్చిన మొక్క నుంచి ఆ ముక్క ఎప్పుడు కోసి దాచాడో. ఏడాదంతా స్నానాలగదిలో బకెట్ వెనక పెంచాడట. నేను వచ్చినప్పుడల్లా నాకు టీ ఇచ్చి, కూర్చోబెట్టి, నాతో నవ్వుతూ మాట్లాడుతూనే.

తల ఎత్తి జాలీ చూశాను. సగానికి టేపు ఉంది. అంచు గీత గీసినట్టు నీటుగా ఉంది.

"అప్పుడు మొత్తం మూశాను, అది తప్పు" అన్నాడు తమ్ముడు వంటింట్లోంచి వచ్చి. "లోపం తెలిసింది కదా, సరిచేశాను. ఇది కొత్త హీటరు. మంట చూడు, నీలంగా లేదూ? సగం తెరిచే ఉంచాను."

"మిగతా సగం?"

"గాలి తిన్నగా దాని మీదే పడుతోందక్కా."

కుర్చీ ఎక్కి టేపు లాగాను. జర్రుమని వచ్చింది. మడిచి వాడి చొక్కా జేబులో పెట్టాను. వాడు కిందికి చూస్తూ నిలబడ్డాడు, బడిలో దెబ్బలు తిన్నప్పుడు నిలబడినట్టు. నాకు జాలి వేసింది. జాలి వేసినా చెయ్యి ఆగలేదు. సిలిండరు మీద రెగ్యులేటరు తిప్పి ఊడదీసి నా కొంగులో చుట్టుకున్నాను.

"నువ్వు నాతో వచ్చెయ్యవే. చలి పోయేదాకా మా ఇంట్లో ఉందువుగాని" అన్నాను మరదలితో.

ఆవిడ నిదానంగా మాటలు వెతుక్కుంది. "నేను వచ్చేస్తే ఈయన ఈ మంచం మీదే పడుకుంటారు వదినా. అప్పుడు లేపేదెవరు?"

కొంగులో రెగ్యులేటరు పట్టుకుని ఒక్కదాన్నే మెట్లు దిగాను.

ఆ రెగ్యులేటరు నా దిండు కింద ఉంది. రోజూ తడిమి చూసుకుంటాను. కానీ అలాంటిది ఏ సామాన్ల కొట్లోనైనా దొరుకుతుంది, వాడికి బిగించడం ఒక్క నిమిషం పని. టేపు ఎలాగూ వాడి జేబులోనే ఉంది. అందుకే శుక్రవారం నుంచి పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ, మూడుసార్లు గుమ్మంలో నిలబడుతున్నాను. నిన్నటి దాకా నాలుగు పలకలూ పొడిగానే ఉన్నాయి.

ఇవాళ మూడు పలకలు పొడిగా ఉన్నాయి. నాలుగోదానికి లోపలి నుంచి దుప్పటి కట్టి ఉంది. నిన్న అక్కడ దుప్పటి లేదు. ఇంతసేపు నేను చేస్తున్న ఫోన్ వాళ్ళింట్లో మోగుతూనే ఉంది, అటు ఎవరూ ఎత్తలేదు. కండక్టరుకి చెప్పాను, పైకి వెళ్తున్నాడు. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.